కొక్కేనికి కట్టిన దారం

నీళ్ళు లేని సీమలో నీళ్ళలో మునిగి బతికినవాణ్ణి నేను. ఈ మాట కోస్తావాళ్ళతో చెబితే ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి ఊరుకుంటారు. కర్నూలు, కడప జిల్లాల్లో మునగడానికి నీళ్ళెక్కడున్నాయని వాళ్ళ సందేహం. పైన లేనిమాట నిజమే. మా వాన ఏడాదికొకసారి వచ్చి, గడప దగ్గరే నిలబడి, బాగున్నారా అని అడిగి వెళ్ళిపోయే చుట్టంలాంటిది. ఉన్న నీళ్ళన్నీ కిందున్నాయి. మా నాపరాయి నేల లోపలంతా పుచ్చిన పన్నులాగా తొర్రలు పడి ఉంటుంది. ఆ తొర్రల్ని బిలాలంటాం. కొన్ని బిలాల్లో జనం టికెట్టు కొనుక్కుని, ఫోటోలు దిగుతూ తిరుగుతారు. కొన్నింట్లో పైకప్పుదాకా నీళ్ళుంటాయి. ఆ రెండో రకం నా ఆఫీసు.

మా బావుల లోతు ఎంతంటే, రాయి వేసినవాడికి అది నీళ్ళను తాకే లోపల పెళ్ళయి, పిల్లలు బడికి పోతుంటారు. అలాంటి బావుల్లో పడిన మోటార్లు తీశాను. వదిలేసిన రాళ్ళ గనుల్లో మునిగిన ట్రాలీలు తీశాను. మనుషుల్నీ తీశాను. వాళ్ళ గురించి రాయను, వాళ్ళవాళ్ళు చదవవచ్చు. బావి అడుగున సొరంగం కనిపించి, నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో చూసి రమ్మంటే, పోయి చూసి వచ్చాను.

ఇప్పుడు మానేశాను. యాభై దాటగానే నా కుడి చెవి రాజీనామా ఇచ్చింది. ఇక నీళ్ళలోకి దిగవద్దని డాక్టరు అన్నాడు. ఎడమ చెవితో విన్నాను కాబట్టి నేను సగమే నమ్మాను. నా భార్య రెండు చెవులతోనూ విన్నది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఫోన్లు చేస్తుంటారు. ఓబులన్నా, సిలిండరుకు ఏ కొక్కెం కొనాల, ఏది గట్టిది, ఏది మోసం అని అడుగుతారు. జవాబు చిన్నది, ఫోన్లోనే చెప్పేస్తాను. ఎందుకలా అన్నది మాత్రం ఫోన్లో పట్టదు. అది చెప్పాలంటే మద్దిలేటి సంగతి చెప్పాలి. మద్దిలేటి నా జోడీ. మేమిద్దరం కలిసి దిగిన ఒక బిలంలోంచి నేనొక్కణ్ణే బయటికి వచ్చాను. అతను రాకపోవడానికి కారణం ఒక కొక్కెం దగ్గర ఉంది. అందుకే ఈ రాత.

చంకకింద సిలిండరు

మామూలుగా నీళ్ళలోకి దిగేవాళ్ళు గాలి సిలిండరును వీపుకు కట్టుకుంటారు. సముద్రంలో అది చెల్లుతుంది. అక్కడ వీపు మీద ఆకాశం తప్ప ఏమీ ఉండదు. బిలంలో వీపు మీద కొండ ఉంటుంది. అందుకని మేము సిలిండర్లను కుడివైపొకటి, ఎడమవైపొకటి చంకల కింద తగిలించుకుంటాం. సంతనుంచి రెండు మేకపిల్లల్ని చంకల్లో ఇరికించుకుని వచ్చే మనిషిని ఊహించుకోండి. దీన్ని సైడ్‌మౌంట్ అంటారు.

సిలిండరు మెడను చంక దగ్గర రబ్బరుతాడు పట్టుకుంటుంది. అడుగును నడుము దగ్గరున్న కడియానికి ఒక కొక్కెం పట్టుకుంటుంది. సందు ఇరుకైనచోట ఆ కొక్కెం విప్పి, సిలిండరు అడుగును ముందుకు తిప్పి, దాన్ని తోసుకుంటూ వెనక మనం దూరాలి. నా పొట్ట పెద్దదే, మా ఇంటికి వచ్చిన చుట్టాలు నాకంటే ముందు దాన్నే పలకరిస్తారు. అయినా పొట్ట మెత్తనిది, సందును బట్టి సర్దుకుంటుంది. సిలిండరు సర్దుకోదు. కాబట్టి లావువాడైనా సన్నవాడైనా కొక్కెం విప్పితేనే దారి. పట్టుకోమన్నప్పుడు పట్టుకోవాలి, వదలమన్నప్పుడు వదలాలి. దాని ఉద్యోగం అంతే. ఆ రెండూ సరిగ్గా తెలిసిన మనుషులే నాకు తక్కువ తగిలారు, ఇక కొక్కేలను ఏమంటాం.

మాకీ విద్య నేర్పింది విశాఖ వైపునుంచి వచ్చిన సారు. నేవీలో చేసి, బావుల్లో గనుల్లో నీటిపనులు చేసే మా కంపెనీలో చేరాడు. ఆయన మీసాలు ఎంతటివంటే, మాస్కు తగిలిస్తే రెండు కొసలూ బయటికొచ్చి తూర్పూ పడమరా చూపించేవి. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం కూడా కొక్కెమే. కళ్ళకు గుడ్డ కట్టి, చేతులకు తొడుగులు వేసి, ఒంటిచేత్తో, నడుము వెనక తగిలించి విప్పమనేవాడు.

"చూసి విప్పేది ఇంట్లో బీరువా తాళం, ఓబులేసూ. లోపల నీకు కళ్ళుండవు. ఉన్నదంతా బొటనవేలే" అనేవాడు.

శెట్టి అంగడిలో

మొదట్లో కంపెనీ తెప్పిస్తానన్న కొక్కేలు ఎంతకీ రాలేదు. మద్దిలేటీ నేనూ మైదుకూరులో పక్కపక్క ఇళ్ళలో ఉండేవాళ్ళం. బజారులో శెట్టి అంగడి ఉంది. పలుపుతాళ్ళు, గొలుసులు, బకెట్లు, బావిలో పడిన బిందెల్ని తీసే పాతాళగరిగెలు, ఏది అడిగినా దొరుకుతుంది. ప్రపంచం మునిగిపోయినా శెట్టి అంగడి వెనకగదిలో ఇంకొక ప్రపంచం కొత్తది, కాగితం విప్పనిది, ఉంటుందని మా నమ్మకం. అక్కడికి పోయి కొక్కేలు చూపించమన్నాం.

"ఎద్దుకా, బర్రెకా?" అన్నాడు శెట్టి.

"నాకే" అన్నాను.

శెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నిన్ను కట్టేసేకి అంత సన్నది సరిపోదులేప్పా. లారీలకు వాడేది ఉండాది, తెప్పిస్తా."

మద్దిలేటి అప్పటికే కళ్ళు మూసుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక్కొక్క కొక్కేన్నీ మీటి చూస్తున్నాడు. మనిషి జొన్నదంటంత సన్నం. ఆదోని అవతలి పల్లెనుంచి వచ్చినవాడు. అంగడి ముందు జనం గుమిగూడారు. ఒక ముసలాయన చాలాసేపు చూసి, "మా పిన్నమ్మ కొడుకు ఇట్లనే మొదులుపెట్టినాడు. పిచ్చి కుదుర్తాదని సంకెళ్ళేసి ఏర్వాడి దర్గాకు తీస్కపోయినారు" అన్నాడు.

"నేనూ ఆడికే పోతాండా తాతా. సంకెళ్ళు నావి నేనే తెచ్చుకుందామని ఈడ నిలబడినా" అన్నాడు మద్దిలేటి, కళ్ళు తెరవకుండానే.

ఆ కొక్కేలు కొని వాడాం. ఒక వానాకాలం తిరిగేసరికి స్ప్రింగులు తుప్పుపట్టి, మీట నొక్కితే మా అత్తగారిలాగా కదలకుండా కూర్చునేవి. తిరగడానికి వీలుగా మెడలో కీలు పెట్టిన కొక్కెం ఒకటి ఉండేది. అది ఒకనాడు బావి మధ్యలో మెడ విరుచుకుని, సిలిండరును నా కాలిమీద వదిలింది. అప్పుడు అర్థమైంది. పశువుల కొక్కెం చేసినవాడి ఉద్దేశం ఎద్దు పోకూడదని. మన కొక్కెం మనం పోవడానికి. పని వేరైనప్పుడు వస్తువు ఎంత గట్టిదైనా మనది కాదు.

కాబట్టి తుప్పుపట్టని స్టీలుదే కొనండి. మెడలో అతుకు లేనిది చూడండి. మీట తొడుగు వేసుకున్న బొటనవేలికి తగలాలి. చిన్నది ముద్దుగా ఉంటుంది, నీళ్ళలో దొరకదు. మరీ పెద్దది ప్రతి రాతికీ పలకరింపుగా తగులుకుంటుంది. కొన్నాక మీట సందులో బంకమట్టి కూరి విప్పి చూడండి. శుభ్రంగా ఉన్నప్పుడు ప్రతి కొక్కెమూ మంచిదే.

గేటు కొక్కెం

కొండలెక్కేవాళ్ళు వాడే రకం ఒకటుంది. మీట ఉండదు. పక్కన చిన్న గేటు ఉంటుంది, ఆనిస్తే చాలు లోపలికి తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది. కంపెనీ ఒకసారి అలాంటివి పెట్టెడు పంపింది. ఎంత మెరుపంటే, పెట్టె తెరిస్తే పక్కింటి కోడి తెల్లారిందనుకుని కూసింది. తగిలించడం చాలా సులభం. నేను వెంటనే మారిపోయాను.

బిలంలోకి పోయేటప్పుడు వెంట ఒక సన్నటి తాడు పరుచుకుంటూ పోతాం. దారితాడు అంటాం. నీళ్ళు కలకబారినప్పుడు దాన్ని పట్టుకునే వెనక్కి రావాలి. ఒకరోజు ఒక బావి అడుగు బిలంలో నేను ముందుకు పోతుంటే వెనకనుంచి ఎవరో నడుము పట్టుకుని ఆపినట్టయింది. పోదామంటే పోనివ్వదు, వద్దామంటే రానివ్వదు. దారితాడు తనంతట తానే ఆ గేటు తోసుకుని కొక్కెంలోకి దూరింది. దూరడానికి నా అనుమతి అక్కర్లేదు. బయటికి పోవడానికి మాత్రం కావాలి. నా చేయి అక్కడికి అందదు. వెనక వస్తున్న మద్దిలేటి తడిమి చూసి, రెండు వేళ్ళతో విడిపించాడు.

బయటికొచ్చాక గట్టుమీద కూర్చుని అడిగాడు. "ఏమన్నా, లోపల మొలకెత్తుదామని ఆగినావా?"

"తాడు పట్టుకొన్యాది రా."

"తాడు నిన్ను యాడ పట్టుకొన్యాది? నీ కొక్కెమే దాన్ని పట్టుకొన్యాది. తాగినోడు గోడకు తగిలి, గోడ వచ్చి నన్ను గుద్దె అన్నెట్టుండాది."

సారు ఆ పెట్టెను ఎత్తి అదే బావిలోకి విసిరేశాడు. వారం తిరక్కుండా బావి ఆసామి మా కంపెనీకే కబురు పెట్టాడు, ఎవరో బావిలో ఇనుము పోసినారు, వచ్చి తీయండని. తీశాం.

ఆ రోజునుంచి ఒకటే మాట. ఆనిస్తే తెరుచుకునేది ఏదీ ఒంటిమీద ఉండకూడదు. బొటనవేలితో వెనక్కి లాగితేనే తెరుచుకునే బోల్టు రకం ఒక్కటే వాడండి. ఎవరెంత చవగ్గా, ఎంత మెరిసేది ఇచ్చినా వద్దనండి.

కోయడానికే కట్టేది

ఎంత మంచి కొక్కెమైనా ఒకనాడు బిగుసుకుంటుంది. బిలాల అడుగున ఉండే మట్టి మన ఇళ్ళలో రాసుకునే మొహం పౌడరు కంటే మెత్తన. అది స్ప్రింగులోకి చేరిందంటే మీట కదలదు. అప్పుడు కొక్కేన్ని సిలిండరుకు దేనితో కట్టారన్నదే ప్రశ్న. ఇనుప పట్టీకి ఇనుప కొక్కేన్ని నేరుగా బిగించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చూడటానికి చాలా గట్టిగా ఉంటుంది. బిగుసుకున్న రోజున మీకూ ఆ సిలిండరుకూ పెళ్ళయిపోయినట్టే, విడాకులుండవు.

అందుకే మధ్యలో నైలాన్ తాడు. కొక్కేన్ని ఆ తాడుతోనే సిలిండరుకు కట్టాలి. బరువు మోసేంత గట్టిగా, కత్తి ఒక్కసారి లాగితే తెగేంత సన్నగా ఉండాలి. సారు మాచేత కొత్తగా తాడు కట్టించి, కట్టిన వెంటనే కోయించేవాడు. మళ్ళీ కట్టమనేవాడు. మళ్ళీ కోయమనేవాడు.

"సారు ఇంట్లో ఆయమ్మ గోంగూర కట్టలు కోసేకి రానీదేమో, ఆ ఉబలాటం మన మీద తీర్చుకుంటాండాడు" అని మద్దిలేటి గొణిగేవాడు.

సారు ఉద్దేశం మాకు తర్వాత తెలిసింది. చేతికి కోయడం అలవాటు కావాలి. ఆ తాడు మీద మమకారం పుట్టకూడదు.

మద్దిలేటి భార్య పేరు లక్ష్మీదేవి. ఆమె నన్ను అన్నా అని పిలిచేది, నా భార్యను వదినా అని. ఒక సాయంత్రం వాళ్ళింట్లో జొన్నరొట్టెలు తింటున్నాం. ఆమె రొట్టె తడుతూ అడిగింది. "నీళ్ళలో అంత లోపలికి పోతారే, మీ పానం దేని మీద ఉంటాది?"

మద్దిలేటి గోడకు ఆనించిన ఎడమ సిలిండరును ఎత్తుకొచ్చి, దాని కొక్కేన్ని ఆమె పిండిచేతిలో పెట్టాడు. "ఇదో, దీని మీద. ఇది మాట వింటే ఇంటికొస్తా. లేదంటే నువ్వూ ఓబులన్నా కలిసి నా రొట్టెలు పంచుకోండి."

"తినే కాడ ఆ మాటలేంది" అని ఆమె కసురుకుంది. నేను నా వాటా రొట్టెలు ఎన్ని వస్తాయో లెక్క వేస్తున్నట్టు నటించాను. నవ్వుకున్నాం.

ఆమె మాత్రం ఆ మాట గుండెలో పెట్టుకుంది. దసరా ముందు అహోబిలం పోయి, మొక్కుకుని, పసుపుదారం తెచ్చింది. ఆయుధపూజ రోజు మేము సిలిండర్లు కడిగి వరసగా నిలబెట్టి బొట్లు పెట్టాం. అప్పుడు ఆమె ఆ దారాన్ని భర్త ఎడమ కొక్కెం కింద, నైలాన్ తాడు కనిపించకుండా చుట్టూ తిప్పి, మూడు ముళ్ళు వేసింది. భర్త ప్రాణం ఎక్కడుందో ఆయన నోటితోనే చెప్పాడు. ఆమె అక్కడే కాపలా పెట్టింది. అంతకంటే సరైన చోటు ఇంకెక్కడుంది?

వాళ్ళ పుట్టింటి పద్ధతి ఒకటుంది. మొక్కుదారానికి ఇనుము తగలకూడదు. కత్తెర పెట్టకూడదు. పాతబడితే చేత్తో ముళ్ళు విప్పి పారేనీళ్ళలో వదలాలి. ముడి వేస్తూ ఆమె ఆ మాట చెప్పింది, భర్త సరేనన్నాడు.

సారు అక్కడే ఉన్నాడు. ఏది కట్టినా కోయించే మనిషి వంగి, ఆ కొక్కేన్ని ముట్టుకుని, కళ్ళకద్దుకున్నాడు. ఆ తర్వాత దిగిన ప్రతిసారీ ఇనుమును పరీక్షించాం, రబ్బరును, నైలానును పరీక్షించాం. పసుపు పూసి ఉన్నదాన్ని మాత్రం మాలో ఎవ్వరూ పరీక్షించలేదు. దేవుడి వస్తువుకు దండం పెడతాం గానీ లాగి చూస్తామా.

ఆ రోజు

జమ్మలమడుగు వైపు ఒక ఊరి బావి. అడుగున సొరంగం. నీళ్ళు ఎటు పోతున్నాయో చూడమన్నారు. పోయాం, చూశాం, తిరిగి వస్తున్నాం. మధ్యలో ఒక ఇరుకు సందు ఉంది. పోయేటప్పుడు ఇద్దరం కొక్కేలు విప్పుకునే దూరాం. వచ్చేటప్పుడు నేను ముందు దూరి ఇవతలికి వచ్చాను. అప్పటికే మట్టి లేచింది. లైటు కంటికి ఆనించి పెట్టుకున్నా కనిపించదు. దారితాడు పట్టుకుని అతని కోసం ఆగాను.

రాలేదు.

సందులోకి చేయి పెట్టాను. భుజందాకా పెడితే అతని మోచేయి తగిలింది. మోచేయి కదులుతోంది. నడుము దగ్గర ఏదో పని చేస్తున్నాడు. ఎడమ కొక్కెం బిగుసుకుందని తెలిసింది. నా చేయి అతని నడుముదాకా అందదు. సిలిండర్లు తగిలించుకునే జాకెట్టు మొత్తం విప్పుకునేంత చోటు అతనికి లేదు. కోస్తాడు, వస్తాడు అనుకున్నాను. మేము ఎన్నిసార్లు కోశామో ఆ తాళ్ళు.

మోచేయి కదులుతూనే ఉంది. కోసేవాడి చేయి అలా కదలదు. ఒక్క లాగుడు, అంతే. ఇది సన్నగా, ఓపికగా, ఆగి ఆగి కదులుతోంది. నా కత్తి తీసి పిడి అతని అరచేతిలో పెట్టాను. అతను దాన్ని తీసుకోలేదు. నా వేళ్ళను దానిమీదే మూసి, మెల్లగా వెనక్కి తోశాడు. అయిపోవచ్చింది అన్నట్టు నా మణికట్టు మీద తట్టాడు.

అతని గాలి తరిగాక నా మౌత్‌పీసు ఒకటి సందులోంచి అందించాను. తీసుకున్నాడు. ఇద్దరం నా గాలే పీల్చాం. నేను వెనక్కి పోవడానికి సరిపోయేంత మాత్రం మిగిలినప్పుడు, గాలి మీటరు ముల్లు చూడటానికి వెలుతురు లేదు గానీ ఇద్దరికీ తెలుసు, అతను మౌత్‌పీసు తీసి నా చేతిలో పెట్టాడు. నేను తిరిగి ఇవ్వబోయాను. తీసుకోలేదు. నా చేతిని వెతికి, దారితాడు మీద పెట్టి, గట్టిగా నొక్కాడు. మా భాషలో దానికి ఒకటే అర్థం. పో.

పోయాను.

మరుసటి రోజు సారూ నేనూ దిగి అతన్ని తీసుకొచ్చాం. గట్టుమీద పడుకోబెట్టాక చూశాం. కత్తి ఒరలోనే ఉంది, ఒర బొత్తాం కూడా తీయలేదు. పసుపుదారానికి రెండు ముళ్ళు విప్పి ఉన్నాయి. మూడోది సగం వదులైంది. ఆ దారం కింద నైలాన్ తాడు, కొత్తదానిలా మెరుస్తూ, ఒక్క లాగుడుకు తెగేట్టు ఉంది.

దారం కొక్కేన్ని ఆపలేదు. చేతిని ఆపింది.

సారు బావి గట్టుమీద చాలాసేపు కూర్చున్నాడు. మీసాల కొసలనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "చూశానయ్యా నేను ఆ దారాన్ని. దండం కూడా పెట్టాను" అన్నాడు. తర్వాత ఆయన ఇక ఎవరికీ ఈ పని నేర్పలేదు.

పోలీసులు, జనం వచ్చే లోపల నేను ఆ మూడో ముడి విప్పాను. పొడిచేతులతో, ఎండలో, కళ్ళెదుట పెట్టుకుని. అయినా గోరు విరిగింది.

గోడ అవతలినుంచి

దినాలు అయ్యాక లక్ష్మీదేవి అడిగింది. "అన్నా, నేను కట్టిన దారం యాడ?"

"కోసేసినాడు తల్లీ. నీళ్ళలో పోయింటాది" అన్నాను.

"కోసినాడా?"

"కోసినాడు."

ఆమె తల ఊపింది. "అయితే శాతనైంది అంతా సేసినాడు" అని లోపలికి పోయింది. నేను కోరుకున్నదీ అదే. తన దారమే మొగుణ్ణి ఆపిందన్న మాట ఆ మనిషి చెవిన పడకూడదు. దానికి ఒక అబద్ధం సరిపోతే నాకు అబద్ధాలకేం కరువు.

నీళ్ళు మానేశాక మా పెరట్లో కొత్తవాళ్ళకు పాఠం చెప్పడం మొదలుపెట్టాను. సారులాగే కట్టించేవాణ్ణి, కోయించేవాణ్ణి. ఒకనాడు గొంతు పెంచి చెబుతున్నాను, సగం చెవిటివాడి గొంతు వీధి చివరిదాకా పోతుంది. కొక్కెం బిగుసుకుంటే భయపడొద్దు, తాడు కోసినవాడు ఎవడూ లోపల ఉండిపోడు, వచ్చేస్తాడు అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక చూస్తే గోడ అవతల లక్ష్మీదేవి నిలబడి ఉంది. చేతిలో తడిబట్ట, పిండటం మరిచిపోయింది.

"కోసినోడు వస్తాడా అన్నా?"

నేను కిందపడిన తాడుముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

"ఆయప్ప కోసినాడంటివి నాతో. కోసింటే రావల్ల కదా. యాది అబద్ధం, వాళ్ళకు సెప్పిండేదా, నాకు సెప్పిండేదా?"

ఇంట్లోకి పోయి బట్టల మధ్య దాచిన దారం తెచ్చి గోడమీద పెట్టాను. ఆమె దాన్ని వేళ్ళమీద చుట్టి చూసింది. దారమంతా వెలిసిపోయింది. ముళ్ళు ఉన్న మూడు చోట్ల మాత్రం మడతలో పసుపు మిగిలింది. ఆ మూడింటినీ బొటనవేలితో తడిమింది.

"గట్టిగా ఏసినా అన్నా. ఊడిపోకూడదని పంటితో పట్టి లాగినా" అంది. తర్వాత అడిగింది. "ఒక్కో ముడికీ ఎంతసేపు పట్టిండాల?"

"ఎంతో సేపు పట్టలేదులేమ్మా."

"ఆయప్ప గోర్లు పెంచడు. రైక ముడి పడితే నన్నే ఇప్పుకోమనేటోడు." దారాన్ని మళ్ళీ వేలికి చుట్టుకుంది. "ఇనుము తగలనీగూడదని నేనే సెప్పినా. ఇన్న్యాడు సూడు, నా మాట. కాపురం సేసినన్నాళ్ళూ ఒక్క మాట ఇన్నోడు గాదు."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. దేవుడు కోపగించుకోడమ్మా, తప్పు మట్టిది, కొక్కేనిది, ఆ బావిది అన్నాను. ఆమె వినలేదు.

"నీ పిల్లోళ్ళకు రాసిపెడతాండావంట కదా, యా కొక్కెం కొనాలో."

"అవును."

"దారం సంగతి రాసినావా?"

"లేదు."

"ఎందుకు?"

"నీ గురించి లోకం..."

"లోకం సంగతి ఇడిసిపెట్టు. వాళ్ళకు పెండ్లాలుండరా? అమ్మలుండరా? వాళ్ళు కట్టరా?" అంది. "రాయి. నేనే కట్టినానని రాయి. మొగోళ్ళు సదివేకి కాదు, ఆడోళ్ళు సదివేట్టు రాయి."

అందుకని ఈ చివరి మాట కొక్కేలు కొనేవాళ్ళకు కాదు, వాళ్ళ ఇళ్ళలో ఉన్న ఆడవాళ్ళకు. అమ్మా, మీ భయం నాకు తెలుసు. మీరు మొక్కుకోండి, తెచ్చుకోండి, కట్టండి. అతని మెడలో కట్టండి, జబ్బకు కట్టండి, మీ ఇంటి తలుపుకు కట్టండి. కొక్కెం దగ్గరికి మాత్రం తేవద్దు. అక్కడ ఉండే తాడు అతను కోయడానికే ఉంది. వీలైతే ఒకసారి ఆ తాడును మీ చేతుల్తోనే పట్టుకుని అతనిచేత కోయించండి. కోసినందుకు మీకేమీ కాదని, మీరు ఏమీ అనరని, అతను మీ మొహం చూసి తెలుసుకున్నాక పంపండి.